ఆవగింజలో సగం

నరసన్నపేట,
12-11-1943.

చిరంజీవి సౌభాగ్యవతి గౌరికి మేనత్త అప్పలనరసమ్మ దీవించి రాసే ఉత్తరం.

నువ్వు బండెక్కి వెళ్ళి ఐదు రోజులైంది. ఈ ఐదు రోజులూ అలవాటు చొప్పున పొద్దున్నే పొయ్యి రాజేసి నీళ్ళ కుండ ఎక్కిస్తున్నాను. నీళ్ళు కాగాక గుర్తొస్తుంది, పోయించుకునేవాడు గజపతినగరంలో ఉన్నాడని. నిన్న మీ నాన్న చూసి, "ఏటే నరసమ్మా, ఎవరికే ఈ నీళ్ళు?" అన్నాడు. నా నడుం నొప్పికి అన్నాను. అన్నయ్య నమ్మలేదు. నమ్మనట్టు కనబడకుండా కొట్లోకి వెళ్ళిపోయాడు.

ఎల్లాజీ ఎలా ఉన్నాడు? మీ మావగారి తండ్రి పేరని పెట్టుకున్నారు, మంచిదే. కానీ మూడు నెలల పసిగుడ్డుని ఆ పేరుతో పిలిచినప్పుడల్లా చేతికర్ర ఊతగా వేసుకుంటూ ఎవరో ముసలాయన వస్తాడేమోనని చూస్తాను.

వాడికి అక్కడ నీళ్ళు పోస్తున్నది ఎవరు? నేను నీతోపాటు వచ్చి ఓ నెల ఉందామనుకున్నాను. మనవడు మొదటిసారి గడప తొక్కుతుంటే ఎదురుగా విధవ ముఖం ఎందుకని మీ అత్తగారు అన్నారట. లోకం తీరు అది, ఆవిణ్ణి అని లాభం లేదు. కనక నువ్వే పొయ్యాలి. చెబుతాను, విను.

గంగాళంలో చన్నీళ్ళు ముందు పోసి, వేణ్ణీళ్ళు ఆ తర్వాత కలుపు. తిరగేసి చేశావంటే ఒకసారి కాకపోతే ఒకసారి మరిచిపోతావు, వాడి ఒళ్ళు కాలుతుంది. పొయ్యి దగ్గర మొద్దుబారిన అరచేతికి వేడి తెలీదు, మోచెయ్యి ముంచి చూసుకో. పీట మీద కూచుని కాళ్ళు చాపుకో. తల నీ చీలమండల దగ్గర, వాడి పాదాలు నీ పొట్టవైపు. నూనె ఒంటికి రాయి గానీ, ఎవరేమన్నా సరే ముక్కులో, చెవుల్లో చుక్క వెయ్యకు. నోరు పెట్టి ముక్కులోకి ఊదడం లాంటివి వద్దు. పెసరపిండితో మెత్తగా తుడువు. మెడ కింద మడతలు, చంకలు, తొడల సందులు మరవకు. పాలు కారి అక్కడే పాచిపోతాయి. తలకి పోసేటప్పుడు ఎడమచెయ్యి నుదుటి మీద చూరులా పట్టు. నీళ్ళు చెవుల వెనక్కి జారిపోవాలి, ముఖం మీదికి రాకూడదు. వాడికి కబుర్లు చెబుతూ పొయ్యి. వాడికి నీళ్ళకన్నా నీ గొంతే ఇష్టం.

తువ్వాలు, సాంబ్రాణి, చొక్కా అన్నీ చేతికందే చోట పెట్టుకున్నాకే వాణ్ణి కాళ్ళమీదికి తీసుకో. ఏదైనా మరిచిపోతే వాణ్ణి చంకనేసుకునే వెళ్ళి తెచ్చుకో. రెప్పపాటైనా ఇంకొకరి మీద వదిలి వెళ్ళకు.

మూడు నెలలూ నేను నీళ్ళు పోస్తుంటే నువ్వు గోడవైపు తిరిగి నిలబడేదానివి. ఎందుకో తెలుసు కాబట్టి నేను అడగలేదు. పాత మాటలు పక్కన పెట్టు తల్లీ. నీ బిడ్డకి నువ్వే పొయ్యి.

నీ మేనత్త,
అప్పలనరసమ్మ.


గజపతినగరం,
18-11-1943.

అత్తకి గౌరి నమస్కరించి రాస్తున్నది.

నీ ఉత్తరం గోడకి ఆనించి పెట్టుకుని, నువ్వు చెప్పినట్టే అన్నీ దగ్గర పెట్టుకుని కూచున్నాను. నూనె రాసినంతసేపూ బాగానే ఉంది. కిలకిలా నవ్వాడు. చెంబు ముంచి పైకెత్తాను. అంతే. నా కాళ్ళ మీద ఎల్లాజీ కనపడలేదు, చినబాబు కనపడ్డాడు. చెంబుడు నీళ్ళూ నా చీర మీదే ఒంపుకున్నాను. వీడు చలికి బిగుసుకుపోయి ఏడుస్తున్నాడు, నేను కదలలేను. మా అత్తగారు పరుగెత్తుకొచ్చి ఎత్తుకున్నారు.

"ఏటే పిల్లా, పురుట్లోంచి లెగిసి మూణ్ణెల్లయినాది, గుంటడికి నీలు పొయ్యడం రాదేటి?" అన్నారు. ఏం చెప్పను? మా తమ్ముడు నా చేతుల్లో పోయాడని చెప్పనా? ఆవిడ మళ్ళీ నన్ను వీణ్ణి తాకనిస్తారా?

నువ్వు పాత మాటలు పక్కన పెట్టమన్నావు. అవి పెట్టిన చోట ఉండవు అత్తా. నాకు పదేళ్ళు. అమ్మ చినబాబుని నా కాళ్ళ మీదికి మార్చి, "రెండు సెంబులు పొయ్యి, సాంబ్రాణికి నిప్పులు తెస్తాను" అని వంటింట్లోకి వెళ్ళింది. ఒక చెంబు పోశాను. రెండోది పోస్తుంటే వాడి తల పక్కకి వాలింది. నిద్రపోయాడనుకుని సంతోషించాను. ఏడవకుండా పోయించుకున్నాడని అమ్మతో చెప్పుకుందామనుకున్నాను.

నీళ్ళు ముక్కులోకి పోయాయన్నారు. అమ్మ నన్ను కొట్టలేదు. కొట్టినా బాగుండేది. ఆ తర్వాత తాను పోయేదాకా నాలుగేళ్ళు, పసిపిల్లలున్న ఏ ఇంటికి పేరంటానికి తీసుకెళ్ళినా నా చెయ్యి గట్టిగా పట్టుకుని కూచునేది. నేను ఎవరి పిల్లనీ ఎత్తుకోకుండా. ఇప్పటికీ ఈ మణికట్టు దగ్గర ఆ పట్టు తెలుస్తూనే ఉంటుంది.

అత్తగారు ఈ పేటలో నీళ్ళు పోసే గున్నమ్మని పిలిపిస్తున్నారు. రేపటినుంచి వస్తుంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

నీ గౌరి.


నరసన్నపేట,
22-11-1943.

చిరంజీవి గౌరికి దీవెనలు.

ఉత్తరం అందింది. గున్నమ్మ అనుభవం ఉన్న మనిషైతే మంచిదే. ముక్కులో ఊదవద్దని మాత్రం చెప్పు.

చినబాబు సంగతి ఎందుకు తవ్వుకుంటావు? వాడి ఆయుష్షు అంతే. నువ్వు చిన్నపిల్లవి. అది నీ వల్ల జరిగిందని నేనెప్పుడైనా అన్నానా? మరి దాన్ని మనసులో పెట్టుకోవద్దు.

ఇక్కడ కిరసనాయిలు దొరకడం లేదు. ఆముదం దీపాలే. కళ్ళు మసకలు కమ్ముతున్నాయి, ఎక్కువ రాయలేను. మీ నాన్న క్షేమం.

అప్పలనరసమ్మ.


గజపతినగరం,
4-12-1943.

అత్తకి గౌరి నమస్కారాలు.

నీ పొట్టి ఉత్తరం చూసి కోపం వచ్చింది. అయినా మంచి కబురు రాయకుండా ఉండలేను.

గున్నమ్మ చేతిలో ఏదో మహిమ ఉంది. మనిషి ఎండిన తాటిమట్టలా ఉంటుంది గానీ, ఆ చేతులు నీ చేతుల్లాగే మెత్తన. మొదటి రెండు రోజులు ముక్కులో ఊదబోతే నీ పేరు చెప్పి ఆపాను. "మీ యత్తకేటి తెలుసమ్మా" అంది గానీ మానేసింది. నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసి, గుడ్డలో పొట్లంలా చుట్టి ఇస్తుంది. అప్పుడు పడుకున్నాడంటే దీపాలు పెట్టేదాకా లేవడు! మొదటి వారం మధ్యాహ్నానికి లేచేవాడు. ఇప్పుడు పాలకి లేపినా నోరు తెరవడు. చెంపమీద తడితే ఒక్క చుక్క చప్పరించి మళ్ళీ కునుకే. విరోచనం మూడు రోజులకోసారి అవుతోంది. లోకం మీద ఇంత శాంతంగా ఉన్న పిల్లాణ్ణి చూడలేదని పక్కింటివాళ్ళు వచ్చి చూసిపోతున్నారు.

నాకే ఏదోలా ఉంటే గున్నమ్మ నవ్వింది. "ఏటమ్మా గౌరమ్మా, గుంటడు తొంగుంటే నీకు బెంగేటి? నా సేతి నీలు పోసుకున్నోలు ఈ పేటలో ఎంతమందున్నారో సూసుకో. నువ్వూ తొంగో, ఒల్లు బాగవుతాది."

ఆయన వారానికోసారి విశాఖపట్నం నుంచి వస్తున్నారు. మొన్న వచ్చి పిల్లాణ్ణి ఆడిద్దామని కూచుని కూచుని, వాడు లేవకపోతే తిరుగుబండి ఎక్కేశారు. పాపం అనిపించింది.

నీ గౌరి.


నరసన్నపేట,
8-12-1943.

గౌరీ,

ఉత్తరం ఇప్పుడే అందింది. సోములు వీధిలో ఇంకా ఉత్తరాలు పంచుతున్నాడు, వాడు తిరిగొచ్చే లోపల ఇది రాసి ఇచ్చెయ్యాలి.

నేను అడిగినవాటికి జవాబు రాయి. ఎందుకని అడక్కు. వాడు కళ్ళు తెరిచినప్పుడు వెలుగులోకి తీసుకెళ్ళి చూడు. కంటి నడిమి నల్ల చుక్క ఎంతుంది? సూదిమొనతో పొడిచినట్టు చిన్నదిగా ఉందా? నిద్రలో ఊపిరి ఎలా ఉంది? గున్నమ్మ నీళ్ళు పోసేముందు గానీ, పోశాక గానీ వాడి నోట్లో వేలు పెడుతుందా? ఆ వేలికి ఏముంటుంది?

ఆ మనిషిని మానిపించు. నువ్వే పొయ్యి. పొయ్యలేని రోజు ఒంటిని తడిగుడ్డతో తుడిచినా చాలు, పిల్లలు నీళ్ళు లేక చావరు. నా మాట విను తల్లీ. నా మీద ఏ కొంచెం గౌరవం ఉన్నా విను.

అప్పలనరసమ్మ.


గజపతినగరం,
12-12-1943.

అత్తకి గౌరి రాస్తున్నది.

నీ ఉత్తరం చదివి అంతా అడిగాను. ఇంతమాత్రానికేనా అంత కంగారు?

నల్లమందు. ఆవగింజలో సగం. తల్లిపాలలో రంగరించి నాలుక మీద రాస్తుంది. గున్నమ్మ దాచలేదు, మా అత్తగారి ముందే పెడుతుంది. నాకే తెలీదు, నేను ఆ వేళకి పెరట్లోకి వెళ్ళిపోతాను కదా. ఆయనకీ, ఆయన చెల్లెళ్ళకీ అందరికీ పెట్టారట. ఇక్కడ పెట్టని ఇల్లు లేదు. మన ఇంట్లో మాత్రం లేదూ? అమ్మ పెట్టెలో చిన్న ఇత్తడి బరిణె నాకు గుర్తే.

కంటిలో నల్ల చుక్క నువ్వు చెప్పినట్టే ఉంది. ఊపిరి మెల్లగా ఉంది. నిద్రలో అందరికీ మెల్లగానే ఉంటుందిగా. సాయంకాలం లేచి చిరాకు చేస్తున్నాడని నాలుగు రోజులుగా అత్తగారు కూడా కాస్త రాస్తున్నారట. గున్నమ్మకి ఆ సంగతి తెలీదు, చెబితే తన హస్తవాసి మీద నమ్మకం లేదని అలుగుతుందని అత్తగారు చెప్పలేదు.

నన్నే నీళ్ళు పొయ్యమంటున్నావు. నా చేతుల సంగతి లోకమంతా మరిచిపోయినా నువ్వు మరిచిపోకూడదు. ఆరోజు నా కాళ్ళ మీంచి వాణ్ణి తీసుకున్నది నువ్వే. నీకు తెలిసి కూడా అడుగుతున్నావంటే నీకు నా మీద జాలి లేదు. గున్నమ్మని మానిపించను. నా చేతుల్లో కన్నా వీడు ఆ మనిషి చేతుల్లోనే క్షేమం.

గౌరి.


(తంతి)
నరసన్నపేట, 15-12-1943.

గౌరికి. మందు ఆపు. ఇద్దరు పెడితే ప్రాణం పోతుంది. నిద్ర పోనివ్వకు. డాక్టరుకి చూపించు. ఉత్తరం వస్తోంది. — అప్పలనరసమ్మ.


నరసన్నపేట,
15-12-1943.

గౌరీ,

తంతి నీకు అంది ఉంటుంది. తంతాఫీసుకి నేనే నడిచి వెళ్ళాను. పెళ్ళయిన ఏడాదికే ఈ ఇంటికి తిరిగొచ్చాక ఒంటరిగా నేను బజారు దాటడం ఇదే మొదలు. బాబుని డాక్టరుకి చూపించాకే కిందిది చదువు. చూపించకపోతే ఇక్కడితో ఆపి లే.

చినబాబు నీళ్ళ వల్ల పోలేదు.

ఆరోజు కొట్టు కోసం కందులు ఎండబోయడానికి నలుగురు ఆడకూలీలు వచ్చారు. ఇల్లంతా హడావుడి. చినబాబు ఒకటే ఏడుపు. మీ అమ్మ పెరట్లో కందులు ఎండబోయిస్తోంది, నేను వాణ్ణి భుజాన వేసుకుని పనివాళ్ళకి చాటలు అందిస్తున్నాను. చెయ్యి ఖాళీ లేక, మీ అమ్మ పెట్టెలోని బరిణె తీసి ఆవగింజలో సగం రంగరించి వాడి నాలుకకి రాశాను. ఎప్పుడూ పెట్టేదే. మీ అమ్మని అడగాలని తోచలేదు. వాడు ఊరుకున్నాడు. కాసేపటికి మీ అమ్మ వచ్చి నీళ్ళకి తీసుకెళ్ళింది.

మూడో రోజున మీ అమ్మ గోడకి తల బాదుకుంటూ అంది: "తెల్లారగట్లే మందెట్టినాను గదా, తొంగుంటాడని బేగి నీలకి కూకున్నాను. నిప్పులకి ఎందుకు లెగిసినాను వదినా?" తాను పెట్టానన్న మాట అందరి ముందే అంది. ఎవరికీ ఏమీ అనిపించలేదు, అందరూ పెట్టేదే కాబట్టి. నాకు మాత్రం సంగతి అర్థమైంది. తెల్లారగట్ల తాను, పొద్దెక్కాక నేను. నీ కాళ్ళ మీదికి వచ్చేసరికే వాడు సగం వెళ్ళిపోయాడు. నువ్వు పోసిన రెండు చెంబులూ పోయకపోయినా వాడు పోయేవాడే. నేను వాణ్ణి నీ కాళ్ళ మీంచి తీసుకున్నప్పుడు ముక్కులో, నోట్లో నీటి చుక్క లేదు. అప్పుడే చూశాను.

"నేనూ పెట్టాను" అన్న మాట గొంతు దాకా వచ్చింది. మింగేశాను. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. అన్నయ్య ఇల్లు తప్ప తల దాచుకునే చూరు లేదు. కొడుకుని చంపిన ఆడబడుచుని ఎవరు ఉంచుకుంటారు? అందరూ నీళ్ళు ముక్కులోకి పోయాయని అనుకుంటుంటే ఊరుకున్నాను. నువ్వు పదేళ్ళదానివి, కడుపున పుట్టిన పిల్లవి, నిన్ను ఎవరూ వెళ్ళగొట్టరు, నాలుగు రోజులకి మరిచిపోతావు అనుకున్నాను. నీ మీద పడితే ఆ మాట కరిగిపోతుంది, నా మీద పడితే కరగదు. అలా లెక్కేసుకున్నాను.

మీ అమ్మ పేరంటాల్లో నీ చెయ్యి పట్టుకుని కూచోవడం నేను ప్రతిసారీ చూశాను. ఆమె పోయేటప్పుడైనా చెబుదామనుకున్నాను. నోట్లో తులసినీళ్ళు పోశాను, అంతే. పదేళ్ళుగా నీ తలకి నూనె రాశాను, పెళ్ళికి ముస్తాబు చేశాను, నీ కొడుక్కి మూడు నెలలు నీళ్ళు పోశాను, అన్నీ చేశాను గానీ ఆ ఒక్క మాట చెప్పలేదు.

నీ చేతులు మంచివి. నాతో చెప్పించుకోవలసిన ఖర్మ వాటికి పట్టింది.

అప్పలనరసమ్మ.


గజపతినగరం,
24-12-1943.

అప్పలనరసమ్మగారికి,

పదిహేనో తారీకు మధ్యాహ్నం తంతి అందింది. అప్పటికి బాబు నీళ్ళు పోసుకుని రెండు గంటలైంది. ఆరోజు పొద్దున్నే పేచీ పెట్టాడని అత్తగారు ఓసారి రాశారు. గున్నమ్మ వచ్చి ఓసారి రాసింది. తంతి చదివించుకుని నేను గదిలోకి వెళ్ళేసరికి వాడి పెదాలు నేరేడు రంగులో ఉన్నాయి.

వీధిలోకి ఎత్తుకుని పరుగెత్తాను. బజారులో డాక్టరు కంటిరెప్ప ఎత్తి చూసి అత్తగారిని నోటికొచ్చినట్టు తిట్టాడు. పొద్దుగూకేదాకా నిద్రపోనివ్వలేదు. డాక్టరేదో మందు వేశాడు, నేను అరికాళ్ళు గోళ్ళతో గీరుతూనే ఉన్నాను. ఊపిరి ఆగితే గుండెమీద రుద్దేవాడు. దీపాలు పెట్టే వేళకి ఏడ్చాడు. ఆ ఏడుపు విని అత్తగారు గుమ్మంలోనే దణ్ణం పెట్టుకున్నారు. ఆ తర్వాత మూడు రోజులు ఆ మందు లేక ఒకటే గుక్క. నాలుగోనాటికి మామూలయ్యాడు. గున్నమ్మ వచ్చి వాడి కాళ్ళు పట్టుకుని, "నాకు సెప్పినారు కారు తల్లీ, నాకు సెప్పినారు కారు" అని ఏడ్చింది. మా ఇంట్లో బరిణె నేనే పాతరేశాను.

మీ ఉత్తరం పద్దెనిమిదిన వచ్చింది. రెండుసార్లు చదివాను. మూడోసారి చదవలేకపోయాను.

మీ తంతి లేకపోతే నా కొడుకు లేడు. మీ మౌనం లేకపోతే వాడికి నేనే నీళ్ళు పోసుకునేదాన్ని, గున్నమ్మే వచ్చేది కాదు. ఈ రెండింటిలో ఏది ముందు తలుచుకోవాలో తెలీడం లేదు. మీరు లెక్కేసుకున్నారని రాశారు. ఆ లెక్కలో మా అమ్మ కూడా ఉందా? నన్ను చూసినప్పుడల్లా ఆవిడ ఏమనుకునేదో మీకు తెలుసు. ఆవిడ అది అనుకుంటూనే పోయింది.

నాన్నకి ఎప్పుడు చెబుతారు?

గౌరి.


శ్రీకూర్మం,
28-1-1944.

చిరంజీవి సౌభాగ్యవతి గౌరికి,

ఊరు పేరు చూసి ఆశ్చర్యపోకు. ఇక్కడ సత్రంలో ఉంటున్నాను. తీర్థానికి వచ్చేవాళ్ళకి వంట చేసే చోట కూరలు తరిగిపెడితే పూట గడుస్తుంది.

నీ ఉత్తరం వచ్చాక పది రోజులు చెప్పలేకపోయాను. పదకొండో రోజున మీ నాన్నకి అన్నం వడ్డించి, తిన్నాక చెబుదామనుకున్నాను. మళ్ళీ, తిన్నాక అంటే ఇంకో రోజు జరిగిపోతుందని, ముద్ద నోట్లో పెట్టకముందే చెప్పేశాను. అన్నయ్య ముద్ద విస్తట్లో వదిలేశాడు. తిట్టలేదు. ఇలా అన్నాడు:

"ఆ పిల్ల సేతికి పదేళ్ళు నాను మంచినీళ్ళు అడగలేదు నరసమ్మా. దాహమైతే నిన్ను పిలిసీవోణ్ణి. నీకు తెలవదేటి?"

తెలుసు. నన్ను పిలిచినప్పుడల్లా నేనే తెచ్చి ఇచ్చాను.

చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. పొమ్మని అనలేదు. కానీ ఆ పూటనుంచి నేను వడ్డించింది ముట్టలేదు. కొట్లో అటుకులు తిని పడుకునేవాడు. నాలుగు రోజులు చూశాను. ఆయన ఇంట్లో ఆయన పస్తులుంటే నేనెలా ఉండను? బట్టలు మూటకట్టుకుని బొగ్గుతో నడిచే బస్సెక్కాను. సోములు నీ చిరునామా రాసిన కార్డులు నాలుగు కొనిపెట్టాడు.

పదేళ్ళు దేనికి భయపడ్డానో అదే జరిగింది. జరిగాక చూస్తే, ఓ మూట, ఓ బస్సు, అంతే. దీనికోసమా నీ చేతులు కట్టేశాను అని ఏడుపొచ్చింది.

క్షమించమని అడగను. బాబు ఎలా ఉన్నాడో ఒక్క ముక్క రాయి. అదీ నీకు ఇష్టమైతేనే.

అప్పలనరసమ్మ.


గజపతినగరం,
3-2-1944.

అత్తకి గౌరి రాస్తున్నది.

నాన్న ఇక్కడికి వచ్చారు. చెప్పకుండా వచ్చారు. పెరటి గుమ్మంలో నిలబడి, "ఒసే గౌరీ, దాహమవుతన్నాది, ఓ సెంబుడు నీళ్ళియ్యే" అన్నారు. ఇచ్చాను. చెంబు ఎత్తి తాగుతూ తాగుతూ మధ్యలో ఆపేసి, చెంబు పట్టుకునే ఏడ్చారు. నేను నాన్న ఏడవగా చూడ్డం అదే మొదలు. చినబాబు పోయినప్పుడు కూడా చూడలేదు.

మర్నాడు ఆయన ఎదురుగా బాబుకి నీళ్ళు పోశాను. నెలన్నర తడిగుడ్డతో తుడిచినదాన్ని, ఆరోజే మొదటిసారి. నీ ఉత్తరాల్లో ఆ మొదటిది మళ్ళీ గోడకి ఆనించుకున్నాను. చన్నీళ్ళు ముందు, వేణ్ణీళ్ళు తర్వాత. మోచెయ్యి పెట్టి చూశాను. మొదటి చెంబు పోశాను. రెండో చెంబు ఎత్తాక ఆగిపోయాను, చాలాసేపు. వీడు ఊరుకోలేదు. కాళ్ళతో నా పొట్ట మీద తన్ని, నోట్లో గుప్పిట పెట్టుకుని, ఏటీ ఆలస్యం అన్నట్టు ఒక్క కేక పెట్టాడు. పోశాను. తల వాలలేదు. ఒళ్ళంతా కదులుతూనే ఉన్నాడు. నుదుటి మీద చెయ్యి పెట్టాను గానీ కాస్త కారి కంట్లో పడింది, ముఖం చిట్లించి నన్ను తిట్టాడు. ఆ తర్వాత ఎన్ని చెంబులు పోశానో తెలీదు, గంగాళం అడుగంటేదాకా పోశాను. "ఇంక సాలే, నానిపోతాడు" అని నాన్న అరిచాక ఆపాను.

నేను నిన్ను క్షమించలేదు. రాసి పెడుతున్నాను, తర్వాత అనుకోకు. కానీ నువ్వు సత్రంలో ఎవరికో కూరలు తరుగుతుంటే నాకు ముద్ద దిగడం లేదు, అది కూడా నిజం. నాన్న నిన్ను తీసుకురావడానికి శ్రీకూర్మం వస్తున్నారు. తిన్నగా ఇక్కడికే రండి. అత్తగారితో చెప్పేశాను, నా కొడుకు బతికింది ఆ విధవ పంపిన తంతి వల్లనేనని. ఆవిడ లేచి వెళ్ళి ముందు వసారాలో నీకు మంచం వేయించారు.

నువ్వొచ్చాక ఒక మాట. బాబుకి నేనే నీళ్ళు పోస్తాను. నువ్వు ఎదురుగా కూచుని చూడాలి. నీకెంత చెయ్యి లాగినా సరే ముట్టుకోనివ్వను, ఎత్తుకోనివ్వను. ఎన్నాళ్ళని అడక్కు, నాకే తెలీదు. పదేళ్ళు మాత్రం కాదు. నాకంత ఓపిక లేదు, వాడూ అంతకాలం ఒళ్ళో పట్టడు.

వాడికి నలుగుపిండి అయిపోయింది. బజారులోది నమ్మబుద్ధి కావడం లేదు. వచ్చేటప్పుడు నీ చేత్తో విసిరి, మెత్తగా జల్లించి ఓ డబ్బాడు పట్టుకురా.

గౌరి.